'రేపు' ఎక్కడ పెట్టాలి?

రెండక్షరాల మాట. వాక్యంలో దాన్ని కాస్త ముందుకో వెనక్కో జరిపితే హాల్‌టికెట్ అందే రోజే మారిపోతుంది. తెలుగులో ఒక చోట, ఇంగ్లిషులో మరో చోట కూర్చునే ఈ 'రేపు'తో వరంగల్ పిల్లలకు రోజూ పేచీయే!

కాజీపేట జంక్షన్. ఢిల్లీ నుంచి చెన్నై వెళ్లే రైలు మార్గానికి సికింద్రాబాద్ లైను వచ్చి కలిసే చోటు. ప్లాట్‌ఫారం మీద ఎవరి హడావుడిలో వాళ్లుంటారు. ఇంతలో మైకు అందుకుంటుంది... 'దయచేసి వినండి. గుంటూరు నుండి సికింద్రాబాద్ వెళ్ళు గోల్కొండ ఎక్స్‌ప్రెస్ మరికొద్ది సేపట్లో ఒకటవ నంబరు ప్లాట్‌ఫారం మీదకు వచ్చును.'

వినీ వినీ అలవాటైపోయిన వాక్యం. సూట్‌కేసు ఎత్తుకుని నడవడమే తప్ప దాని గురించి ఎవరూ ఆలోచించరు. కానీ అందులోని 'మరికొద్ది సేపట్లో' అన్న మాటను తీసి కాస్త ముందు పెట్టి చూడండి. 'మరికొద్ది సేపట్లో సికింద్రాబాద్ వెళ్ళు ఎక్స్‌ప్రెస్ ఒకటవ నంబరు ప్లాట్‌ఫారం మీదకు వచ్చును.' ఇప్పుడు కొద్దిసేపట్లో జరిగేది ఏమిటి? రైలు రావడమా, సికింద్రాబాద్‌కు బయల్దేరి వెళ్లడమా? రెండర్థాలూ వస్తున్నాయి. ఒక్క మాట కూడా కలపలేదు, తీసేయలేదు. చోటు మార్చామంతే!

రైలు విషయంలో ఫర్వాలేదు. ఎలాగూ ఎదురుచూస్తూనే ఉంటాం. కానీ ఇదే చిక్కు ఓ కాలేజీ నోటీసులో వస్తే?

హనుమకొండలోని ఏదో ఒక జూనియర్ కాలేజీ అనుకుందాం. నోటీసు బోర్డు మీద ఇలా రాశారు: 'రేపు ఫీజు కట్టే విద్యార్థులకు హాల్‌టికెట్లు ఇస్తారు.' పరకాల నుంచి వచ్చి చదువుకునే కుర్రాడు దాన్ని చదివాడు. ఫీజు కట్టడానికి గడువు రేపేనని అర్థం చేసుకున్నాడు. సాయంత్రం ఇంటికెళ్లి తండ్రికి చెబితే, ఆయన పత్తి ఏరే కూలీలకు ఇద్దామని దాచిన డబ్బు తీసిచ్చాడు. నర్సంపేట నుంచి వచ్చే అమ్మాయి అదే నోటీసు చదివింది. ఫీజు ఎప్పుడు కట్టినా సరే, హాల్‌టికెట్లు మాత్రం రేపిస్తారని అనుకుంది. ఆమె తండ్రి ఆ రోజు పని మానుకుని కూతురితోపాటు బస్సెక్కాడు. ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు. ఆ వాక్యమే రెండు వైపులా చూస్తోంది!

ఇంగ్లిషులో ఇలాంటి మాటలకు ఓ సరదా పేరుంది. 'స్క్వింటింగ్ మాడిఫయర్' అంటారు. అంటే మెల్లకన్ను విశేషణం. ఒక కన్ను ఇటు, ఒక కన్ను అటు. ఏ క్రియను చూస్తోందో చెప్పలేం.

వచ్చే... వచ్చే... వచ్చే!

అసలీ తికమక ఎందుకొస్తుందో తెలియాలంటే మన భాషలోని ఓ చిన్న రూపాన్ని కాస్త దగ్గరగా చూడాలి. 'వచ్చే' అన్న మాట తీసుకోండి. 'వచ్చిన చుట్టాలు' అంటే అయిపోయిన సంగతి. 'వస్తున్న చుట్టాలు' అంటే దారిలో ఉన్నారని. మరి 'వచ్చే చుట్టాలు' అంటే? రేపు రాబోయేవాళ్లా, ఏటా పండక్కి వచ్చేవాళ్లా?

'రోజూ వచ్చే పాలాయన' అంటే అలవాటు. 'రేపు వచ్చే పాలాయన' అంటే భవిష్యత్తు. రెండు చోట్లా 'వచ్చే' ఒక్కటే. తేడా చెబుతున్నది 'రోజూ', 'రేపు' అన్న మాటలు మాత్రమే. మన పాత వ్యాకరణ కర్తలకు ఇది బాగా తెలుసు. 1858 నాటి 'బాలవ్యాకరణం'లో పరవస్తు చిన్నయసూరి వాడిన 'తద్ధర్మం' అన్న మాట ఇలాంటి రూపాల గురించే. ఫలానా కాలమని కాకుండా ఆ పని స్వభావాన్ని చెప్పేదని అర్థం. బడిలో 'తద్ధర్మార్థక విశేషణం' అని బట్టీ పట్టి మర్చిపోయినవాళ్లంతా దాన్ని రోజుకు వందసార్లు వాడుతూనే ఉంటారు. రైల్వే మైకులో వినిపించే 'వెళ్ళు' కూడా అదే... 'వెళ్లే'కు పాత గ్రాంథిక రూపం. ఆ తర్వాత భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి, ఐసీఎస్ అధికారిగా పనిచేసిన జె.పి.ఎల్.గ్విన్ కలిసి 1985లో ఆధునిక తెలుగుకు ఇంగ్లిషులో ఓ వ్యాకరణం రాశారు. తెలుగులో భవిష్యత్తుకూ అలవాటుకూ ఒకే రూపం చాలన్న సంగతిని అందులోనూ వివరించారు.

'వచ్చే' అన్న మాట ఇంకో వేషం కూడా వేస్తుంది. 'వచ్చే నెల', 'వచ్చే ఏడాది' అన్నప్పుడు అది దాదాపు 'తరువాతి' అనే అర్థానికి స్థిరపడిపోయింది. 'వచ్చే ఆదివారం వచ్చే అనుబంధం' అనండి. మొదటి 'వచ్చే' వేరు, రెండో 'వచ్చే' వేరు. ఇంగ్లిషులో మొదటిదానికి 'నెక్స్ట్' అని, రెండోదానికి 'విచ్ విల్ కమ్' అని వేర్వేరు మాటలు వెతుక్కోవాలి. తెలుగు వాళ్లకి ఆ బాధే లేదు!

వ్యతిరేకార్థం దగ్గరికొస్తే ఈ పొదుపు మరీ ఎక్కువ. 'రాని' అన్న మాటకు కాలమే లేదు. 'నిన్న రానివాళ్లు', 'రోజూ రానివాళ్లు', 'రేపు రానివాళ్లు'... అన్నిటికీ అదే 'రాని'. 'నిన్న రానివాళ్లు లేచి నిల్చోండి' అని పంతులుగారు గద్దించడం అందరికీ అనుభవమే. అందులోంచి 'నిన్న' తీసేస్తే 'రానివాళ్లు లేచి నిల్చోండి' అవుతుంది. క్లాసంతా గొల్లుమంటుంది. వాక్యంలో బరువంతా మోస్తున్నది ఆ ఒక్క కాలం మాటేనన్నమాట.

ఎడమ నుంచి కుడికి...

ఇప్పుడు ఇంగ్లిషు సంగతి చూద్దాం. 'రేపు వచ్చే చుట్టాలు' అన్నదాన్ని ఇంగ్లిషులో చెప్పాలంటే చుట్టాలతో మొదలుపెట్టాలి. 'ది గెస్ట్స్ హూ విల్ కమ్ టుమారో.' తెలుగులో వర్ణనంతా మనిషికి ముందుంటుంది. ఇంగ్లిషులో మనిషి వెనకుంటుంది. తెలుగులో 'రేపు' అందరికన్నా ముందు నిల్చుంటే, ఇంగ్లిషులో 'టుమారో' చిట్టచివర నిల్చుంటుంది. వరస మొత్తం తిరగబడుతుంది. అద్దంలో బొమ్మలా!

ఈ తిరగబాటు తెలియని పిల్లాడు ఏం చేస్తాడు? తనకు తెలిసిన వరసలోనే ఇంగ్లిషు మాటలు పేరుస్తాడు. 'టుమారో కమింగ్ గెస్ట్స్' అంటాడు. 'హూ' అన్నది వాడాలని నేర్పాక 'ది గెస్ట్స్ హూ టుమారో విల్ కమ్' అంటాడు. మరి కొన్నాళ్లకు 'హూ విల్ టుమారో కమ్' అని రాస్తాడు. టీచరు మూడుసార్లూ ఎర్ర సున్నా చుడుతుంది. నిజానికి ఆ పిల్లాడు ఒక్కో మెట్టూ ఎక్కుతున్నాడు. పిట్ కార్డర్ అనే భాషాశాస్త్రవేత్త 1967లోనే చెప్పాడు... నేర్చుకునేవాళ్ల తప్పులు వాళ్లు ఎంతవరకు వచ్చారో చూపించే గుర్తులని. ఎర్ర సిరా ఆ సంగతి పట్టించుకోదు.

రెండు భాషల్ని పక్కపక్కన పెట్టి చూస్తే తప్పులు ఎక్కడొస్తాయో ముందే ఊహించవచ్చని అమెరికాకు చెందిన రాబర్ట్ లాడో 1957లో ఓ పుస్తకమే రాశాడు. ఆ మరుసటి ఏడాదే, 1958లో, హైదరాబాద్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ మొదలైంది. అదే తర్వాత సీఫెల్‌గా పేరు మార్చుకుని, 2007లో ఇఫ్లూ అనే కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. దేశం నలుమూలల నుంచీ ఇంగ్లిషు టీచర్లు శిక్షణకు వచ్చిన చోటది. అయినా 'టుమారో' ఎక్కడ పెట్టాలన్నది మాత్రం ప్రతి ఏడాదీ ప్రతి తరగతిలో కొత్త సమస్యే.

ఇంతకీ సూత్రం ఏమిటి? కచ్చితమైన సమయం చెప్పే మాటలు... టుమారో, నెక్స్ట్ వీక్, ఆన్ మండే లాంటివి... సాధారణంగా చివరికి వెళ్తాయి. చోటు కూడా చెప్పాల్సి వస్తే ముందు చోటు, తర్వాత కాలం. 'హూ విల్ కమ్ టు వరంగల్ టుమారో.' మనం 'రేపు వరంగల్‌కు వచ్చే' అంటాం కాబట్టి ఇదీ తలకిందులే. అయితే ప్రాబబ్లీ, సర్టెన్లీ, నెవర్, సూన్ లాంటి మాటలు చివరిదాకా పోవు. 'విల్' పక్కనే చోటు చూసుకుని కూర్చుంటాయి. 'హూ విల్ ప్రాబబ్లీ కమ్ టుమారో', 'హూ విల్ సూన్ జాయిన్'. 'విల్' తర్వాత, అసలు క్రియకు ముందు... బస్సులో ఇద్దరి మధ్య సర్దుకుని కూర్చున్నట్టు. 'టుమారో'కు మాత్రం అక్కడ చోటివ్వరు. అందుకే 'హూ విల్ టుమారో కమ్' అంటే చెవికి గుచ్చుకుంటుంది.

అలాగని 'హూ టుమారో విల్' అన్నదంతా తప్పేనా అంటే కాదు! ఇంగ్లిషు పత్రికల్లో 'హూ నెక్స్ట్ వీక్ విల్ మీట్...' లాంటి వాక్యాలు కనిపిస్తూనే ఉంటాయి. వాక్యం తోక పొడవైపోతే కాలం మాటను ముందుకు లాగుతారు. దానికో కారణం ఉంది. 'ది కలెక్టర్ హూ విల్ అనౌన్స్ ది ప్లాన్ టు రిపేర్ ది రోడ్స్ టుమారో' అన్నారనుకోండి. రేపు ప్రకటన వస్తుందా, రేపు రోడ్డే బాగవుతుందా? గుంతల రోడ్డు మీద తిరిగేవాళ్లకు ఇది చిన్న తేడా కాదు. 'టుమారో'ను చివర పెట్టాలన్న సూత్రాన్ని గుడ్డిగా పాటిస్తే వచ్చే చిక్కిది. తెలుగులో ఈ బాధ తక్కువ. 'రోడ్లు బాగుచేసే ప్రణాళికను రేపు ప్రకటించే కలెక్టర్' అంటే చాలు. ఏ క్రియకు చెందిన మాట ఆ క్రియకు ఆనుకుని ముందు నిలబడుతుంది. ఈ ఒక్క విషయంలో ఇంగ్లిషు కంటే తెలుగే నయమని ధైర్యంగా చెప్పుకోవచ్చు.

'విల్' లేని రేపు

భవిష్యత్తు అనగానే 'విల్' పెట్టాలని మన బళ్లలో గట్టిగా నేర్పుతారు. నైంనగర్, నక్కలగుట్ట వైపు స్పోకెన్ ఇంగ్లిషు చెప్పే చోట కూడా మొదటి వారం పాఠం ఇదే. 'గో అంటే వెళ్లు, వెంట్ అంటే వెళ్లాను, విల్ గో అంటే వెళ్తాను.' మూడు గళ్ల పట్టిక. చూడటానికి ఎంత చక్కగా ఉంటుందో! కానీ ఇంగ్లిషు అంత బుద్ధిమంతురాలు కాదు. క్వెర్క్, గ్రీన్‌బామ్, లీచ్, స్వార్ట్‌విక్ అనే నలుగురు కలిసి రాసిన ఇంగ్లిషు మహావ్యాకరణం కూడా 1985లోనే వచ్చింది. మన కృష్ణమూర్తి, గ్విన్‌ల పుస్తకం వచ్చిన ఏడాదే. 1,700కు పైగా పేజీల ఆ పుస్తకం, ఇంగ్లిషు క్రియకు భవిష్యత్తు కోసం ప్రత్యేక రూపమంటూ లేదనే చెబుతుంది. 'విల్' అన్నది రకరకాల సాధనాల్లో ఒకటి, అంతే.

మరి మిగతావి? 'రేపు వచ్చేవాళ్లందరికీ సీటు దొరుకుతుంది' అన్నదాన్ని ఇంగ్లిషులో ఎలా అంటారు? 'ఎనీవన్ హూ విల్ కమ్ టుమారో విల్ గెట్ ఎ సీట్' అని రాస్తారు మనవాళ్లు. రెండు విల్‌లు. వ్యాకరణం ప్రకారం లెక్క సరిపోయిందనిపిస్తుంది. కానీ ఇంగ్లిషు మాతృభాషగా ఉన్నవాళ్లు చాలావరకు 'ఎనీవన్ హూ కమ్స్ టుమారో విల్ గెట్ ఎ సీట్' అంటారు. అసలు వాక్యంలో ఒకసారి 'విల్' వచ్చేసింది కదా, లోపలి వాక్యంలో మళ్లీ ఎందుకని! ఇంగ్లిషు వాడుక మీద 1980 నుంచీ ఎన్నో ముద్రణలు పొందిన మైకేల్ స్వాన్ పుస్తకంలోనూ ఈ సంగతి ఉంది.

ఇక్కడే అసలు తమాషా. 'హూ కమ్స్ ఎవ్రీ డే' అంటే రోజూ వచ్చేవాళ్లు. 'హూ కమ్స్ టుమారో' అంటే రేపు వచ్చేవాళ్లు. రెండు చోట్లా 'కమ్స్' ఒక్కటే. అంటే అచ్చం మన 'వచ్చే'లాగే! అలవాటుకూ భవిష్యత్తుకూ ఒకే రూపం. కాలాన్ని చెప్పే పని మొత్తం 'టుమారో' మీద పడింది. తెలుగు పిల్లాడికి పుట్టుకతో తెలిసిన కిటుకే ఇది. 'విల్' పట్టికలు బట్టీ పట్టించి ఆ కిటుకును వాడి చేతే మరిపిస్తున్నారు. 'మీ వచ్చే ఎలాగో వీళ్ల కమ్స్ అలాగే' అని చెబితే సగం పాఠం అక్కడే అయిపోతుంది కదా!

ఒక జాగ్రత్త మాత్రం ఉంది. ఎవరో ఒకరని కాకుండా ఫలానా మనిషి గురించి అదనంగా చెబుతున్నప్పుడు 'విల్' ఉండాల్సిందే. 'మై బ్రదర్, హూ విల్ కమ్ టుమారో, విల్ బ్రింగ్ ది బుక్స్.' ఇక్కడ అన్నయ్య ఎవరో ముందే తెలుసు. రేపొస్తున్నాడన్నది అదనపు కబురు. అందుకే ముందూ వెనకా కామాలు పడ్డాయి. 'రేపు ఎవరొస్తే వాళ్లు' అని అర్థం వచ్చే చోట 'కమ్స్', 'రేపు రాబోతున్న మా అన్నయ్య' అన్న చోట 'విల్ కమ్'. తెలుగులో రెండూ 'రేపు వచ్చే'నే కాబట్టి మనకు ఈ తేడా పట్టుబడటం కష్టం.

నోటీసు మళ్లీ రాద్దాం

ఫీజు నోటీసును ఇంగ్లిషులో పెడదాం. 'స్టూడెంట్స్ హూ పే ది ఫీ టుమారో విల్ గెట్ హాల్ టికెట్స్.' ఇందులో 'టుమారో' సరిగ్గా రెండు క్రియల మధ్య ఇరుక్కుంది. ముందున్న 'పే'కా, తర్వాతి 'విల్ గెట్'కా? ఎక్కువమంది 'పే'కే కలుపుకొంటారు. అయినా రెండో అర్థానికి తలుపు కాస్త తెరిచే ఉంది. తెలుగు వాక్యంలో 'రేపు' మొదట నిలబడి రెండు క్రియల వైపూ చూస్తే, ఇంగ్లిషు వాక్యంలో 'టుమారో' నడిమధ్యలో నిలబడి రెండు వైపులా చూస్తుంది. గుంట రెండు దారుల్లోనూ ఉంది, వేరువేరు చోట్ల. అందుకే తెలుగు నోటీసును మాటకు మాట ఇంగ్లిషు చేసినప్పుడు ఒక గుంట తప్పించుకుని మరో గుంటలో పడతాం.

హాల్‌టికెట్లే రేపిస్తామని చెప్పాలంటే? తెలుగులో 'రేపు'ను తీసి 'ఇస్తారు' దగ్గరికి జరపాలి. 'ఫీజు కట్టే విద్యార్థులకు హాల్‌టికెట్లు రేపు ఇస్తారు.' ఇంగ్లిషులో చిట్టచివరికి పంపాలి. 'స్టూడెంట్స్ హూ పే ది ఫీ విల్ గెట్ హాల్ టికెట్స్ టుమారో.' ఫీజు గడువే రేపైతే తెలుగులో 'ఫీజు రేపు కట్టే విద్యార్థులకు' అంటే తలనొప్పి పోతుంది. అన్నిటికన్నా మంచి ఉపాయం ఇంకోటుంది. వాక్యాన్ని రెండు ముక్కలు చేయడం. 'ఫీజు రేపటిలోగా కట్టాలి. కట్టినవారికి హాల్‌టికెట్లు ఇస్తారు.' ఇంత సులువైన పనిని ఆఫీసుల్లో ఎందుకు చేయరో ఆ దేవుడికే తెలియాలి!

ఫీజు నోటీసయితే రెండోసారి వెళ్లి అడగొచ్చు. భూమి కాగితాల్లో అయితే? 'మూడు నెలల్లో పూర్తి సొమ్ము చెల్లించే కొనుగోలుదారుకు ప్లాటు రిజిస్టర్ చేసి ఇస్తాం' అని ఒప్పందంలో ఉందనుకోండి. మూడు నెలల గడువు ఎవరికి? డబ్బు కట్టాల్సినవాళ్లకా, రిజిస్ట్రేషన్ చేయించాల్సినవాళ్లకా? కొన్నవాళ్లు ఒకలా, అమ్మినవాళ్లు మరోలా చదువుతారు. వరంగల్ చుట్టుపక్కల కొత్త వెంచర్ల బ్రోచర్లు తీసి చూస్తే ఇలాంటి వాక్యాల కోసం పెద్దగా వెతకక్కర్లేదు. సంతకం పెట్టే ముందు 'ఈ మూడు నెలలు ఏ పనికి?' అని అడగడానికి మొహమాటపడొద్దు.

టుమారో ఓన్లీ!

'రేపు'కు తోకలా తగిలే మరో చిన్న ముక్క ఉంది. 'రేపే'. ఆ 'ఏ'ని తెలుగులో మాటకు వెనకాల తగిలిస్తాం. 'రేపే వచ్చేవాళ్లు', 'రేపు మాత్రమే వచ్చేవాళ్లు'. అదే అలవాటు ఇంగ్లిషులోకి నడిచొచ్చి 'హూ విల్ కమ్ టుమారో ఓన్లీ' అయింది. దీన్ని వెక్కిరించేవాళ్లు చాలామందే. నిజానికి అది మన భాష వరసే, ఇంగ్లిషు మాటలు తొడుక్కుంది. ఇంగ్లిషులో 'ఓన్లీ' సాధారణంగా తను పట్టుకునే మాటకు ముందు నిల్చుంటుంది. 'ఓన్లీ టుమారో.' తరతరాల పిల్లలు చదువుకున్న రెన్ అండ్ మార్టిన్ గ్రామరు పుస్తకమూ 'ఓన్లీ'ని దాని మాట పక్కనే ఉంచమంటుంది. దాన్ని 'విల్' పక్కన పెట్టి 'హూ విల్ ఓన్లీ కమ్ టుమారో' అన్నామా... రేపు మాత్రమే వస్తారని ఒక అర్థం, రేపొస్తారు తప్ప ఇంకేమీ చేయరని ఇంకో అర్థం. పెళ్లికి వచ్చి పని ముట్టని చుట్టాల గురించి చెప్పాలంటే రెండోది బాగానే పనికొస్తుంది!

రెండు పేజీల పుస్తకం

ఇదంతా ఇప్పుడు ఎందుకంటే, ఒకప్పుడు ఈ తంటా కాన్వెంటు పిల్లలదీ, ఉద్యోగాల ఇంటర్వ్యూలకు తయారయ్యేవాళ్లదీ మాత్రమే. 1959లో ఆర్‌ఈసీగా మొదలై ఎన్ఐటీగా మారిన కాలేజీలోనో, 1976లో ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయంలోనో చేరాక తెలుగు మీడియం కుర్రాళ్లు ఇంగ్లిషుతో కుస్తీ పట్టేవారు. ఇప్పుడా కుస్తీ ఒకటో తరగతికే దిగివచ్చింది. తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో 2022-23 విద్యాసంవత్సరం నుంచి ఒకటి మొదలుకొని 8వ తరగతి దాకా ఇంగ్లిషు మీడియం మొదలుపెట్టారు. పిల్లలు బెదిరిపోకుండా ఒక పేజీలో ఇంగ్లిషు, ఎదురు పేజీలో తెలుగు అచ్చువేసిన పుస్తకాలిచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇలాంటి ద్విభాషా పుస్తకాలు వచ్చాయి.

ఇంట్లో ఇంగ్లిషు వినని పిల్లలకు ఆ ఎదురెదురు పేజీలు పెద్ద ఆసరా. అయితే వాటిని ఎలా చదివించాలన్నదే ప్రశ్న. ఇంగ్లిషు పేజీ అర్థంకాకపోతే తెలుగు పేజీ చూసి ముందుకెళ్లిపోవడం ఒక పద్ధతి. ఎక్కువగా జరిగేది అదే. రెండు పేజీల్లోని ఒకే వాక్యాన్ని తీసుకుని 'ఇక్కడ రేపు ఎక్కడుంది, అక్కడ టుమారో ఎక్కడుంది?' అని వేలు పెట్టి చూపించడం ఇంకో పద్ధతి. అమ్మానాన్నలకు ఇంగ్లిషు రాకపోయినా ఈ రెండో పని చేయించగలరు. తెలుగు వాక్యంలో 'రేపు' ఏ పనికి చెందిందో పిల్లాడి చేత చెప్పిస్తే చాలు. అది తేలాక ఇంగ్లిషులో దాని చోటు వెతకడం పెద్ద కష్టం కాదు. తేలకపోతే మాత్రం ఎంత గ్రామరు చెప్పినా గాలిలో దీపమే.

'రేపు'తో ఇంకో పేచీ కూడా ఉంది. అది రోజూ జరిగిపోతుంటుంది. ఊళ్లలో కొందరు తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసేవారు. రాత్రిపూట వచ్చే దెయ్యం అది చదివి వెనక్కిపోయి, మర్నాడొచ్చి మళ్లీ అదే చదువుతుందట! తేదీ వేయని కాలేజీ నోటీసు కూడా అంతే. సోమవారం అతికించిన 'రేపు'ను బుధవారం చదివినవాడికి అది గురువారం. నిన్న మామయ్య 'రేపొస్తా' అన్నాడంటే ఆయన వచ్చేది ఇవాళ. ఇంగ్లిషులో ఇలా ఒకరి మాటను తర్వాత చెప్పాల్సి వచ్చినప్పుడు 'టుమారో'ను 'ది నెక్స్ట్ డే'గా మారుస్తారు. 'ది అంకుల్ హూ సెడ్ హి వుడ్ కమ్ ది నెక్స్ట్ డే.' మనం మాత్రం 'రేపొస్తానన్న మామయ్య' అని ఆయన మాటను ఆయన మాటగానే ఉంచేస్తాం.

ఇక ఎల్లుండి దగ్గర ఇంగ్లిషువాళ్లే చేతులెత్తేస్తారు. మనకున్న ఒక్క మాటకు బదులు వాళ్లు 'ది డే ఆఫ్టర్ టుమారో' అని నాలుగు మాటలు పేర్చుకోవాలి. అంత పొడుగు ముక్కను వాక్యం మధ్యలో ఇరికిస్తే నడక కుంటుపడుతుంది కాబట్టి అది దాదాపు ఎప్పుడూ తోకలోనే ఉంటుంది. 'ఎల్లుండి హైదరాబాద్ వెళ్లే బస్సు'ను పిల్లల చేత ఇంగ్లిషు చేయించి చూడండి. 'ది బస్ విచ్ విల్ గో టు హైదరాబాద్ ది డే ఆఫ్టర్ టుమారో' అని రాస్తే పూర్తి మార్కులు వేయండి. అది వచ్చాక 'ఎల్లుండి హైదరాబాద్ వెళ్లే బస్సుకు టికెట్ కొను' అని ఇచ్చి, టికెట్ ఎప్పుడు కొనాలో అడగండి.